పెద్దల మాటకు కాగితం తోడు కావాలి: విడాకులు, పిల్లలు, పోషణ గురించి మన యువతతో

(సంఘం యువ సభ్యుల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం సభల్లో థింసా గురించి, ఇటుకల పండగ గురించి, మన మాతృభాషలు పిల్లల నోట నిలవడం గురించి మాట్లాడుకుంటాం. విడాకుల గురించి మాట్లాడుకోం. ఇంకా పెళ్లి కాని పిల్లల ముందు విడిపోవడం గురించి ఎందుకని పెద్దలు కొందరు అడిగారు. వాళ్ల సందేహం సబబైనదే. అయితే విడిపోయే రోజు వచ్చాక చట్టం నేర్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ రోజున మనసు బాగుండదు, చేతిలో డబ్బుండదు, చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా చెబుతారు. అందుకే ముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే, నాలుగు విషయాలు తెలుసుకుందాం. మీకు అవసరం పడకపోవచ్చు. మీ అక్కకో, పిన్నికో, పక్క క్వార్టరులో ఉండే స్నేహితుడికో పడొచ్చు.

ముందు ఒక పెద్ద అపోహ తీసేద్దాం. టీవీ సీరియళ్లలో, సినిమాల్లో, పేపర్లలో మనం వినే విడాకుల చట్టం చాలావరకు 1955 నాటి హిందూ వివాహ చట్టం. ఆ చట్టం రెండో సెక్షన్, రెండో ఉపవిభాగంలో ఒక మాట ఉంది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగల వారికి ఈ చట్టంలో ఏదీ వర్తించదని. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం, మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, దత్తత, మనోవర్తి చట్టం, ఈ మూడింటిలోనూ అలాంటి మాటే ఉంది. అంటే మనం గుడికి వెళ్లినా, ఇంట్లో దేవుడి పటాలు పెట్టుకున్నా, పెళ్లికి పురోహితుడిని పిలిచినా, పుస్తకంలో రాసిన ప్రకారం ఆ నాలుగు చట్టాలూ నేరుగా మన ఇంట్లోకి రావు.

మరి మన ఇంటికి ఏ చట్టం? మన ఆచారమే. బగత, కొండదొర, వాల్మీకి, కోదు, పోర్జ, గదబ, కోటియ, జాతాపు, సవర, కోయ, లంబాడీ, ఇలా ఎవరి తెగకు వారి పద్ధతి ఉంది. పెళ్లి ఎలా జరగాలి, ఓలి ఎంత, ఎవరి ముందు ఇవ్వాలి, పొసగనప్పుడు ఎలా విడిపోవాలి, ఎవరు ఎవరికి తప్పు కట్టాలి, ఇవన్నీ పెద్దల నోట నిలిచిన చట్టం. రాజ్యాంగం 13వ అధికరణం కూడా చట్టబలం ఉన్న ఆచారాన్ని చట్టం అనే మాటలో కలిపే చెప్పింది. ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉండకూడదన్నదే అక్కడి షరతు.

మన ఆచారంలో గర్వపడాల్సింది చాలా ఉంది. మనసు విరిగిన ఆడపిల్లను జీవితాంతం అక్కడే పడి ఉండమని మన తెగల్లో చాలావాటిలో ఎవరూ బలవంతం చేయరు. విడిపోయిన ఆమె, భర్త పోయిన ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే వేలెత్తి చూపరు. బయటి సమాజం ఎన్నో ఉద్యమాలు చేసి సంపాదించుకున్న స్వేచ్ఛ మన కొండల మీద ముందునుంచీ ఉంది. అదే ఆచారంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఓలి తిరిగి కట్టలేక పుట్టింటివారు కూతురిని వెనక్కి పంపే సందర్భాలు ఉన్నాయి. పంచాయితీలో ఆమె గొంతు వినపడని సందర్భాలూ ఉన్నాయి. రెండూ మనవే. రెండింటినీ చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆచారం మన హక్కు. దాన్ని రుజువు చేసుకునే బరువు కూడా మన మీదే ఉంది. ఈ రెండో మాట మనలో చాలామందికి తెలియదు.

2001లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. భర్త సంతాల్ తెగ, భార్య ఉరావ్ తెగ. భర్త మరో పెళ్లి చేసుకున్నాడని, అది నేరమని భార్య ఫిర్యాదు చేసింది. తమ తెగ ఆచారం ఒకే పెళ్లిని ఒప్పుకుంటుందని ఆమె వాదన. వాళ్లిద్దరూ హిందూ మతాన్ని పాటిస్తున్నా షెడ్యూల్డ్ తెగల వారు కాబట్టి హిందూ వివాహ చట్టం వర్తించదని, ఆచారం ప్రకారం రెండో పెళ్లి చెల్లదని చూపించాలంటే ఆ ఆచారం ఏమిటో స్పష్టంగా చెప్పి రుజువు చేయాలని కోర్టు అంది. ఆ రుజువు లేదు. ఆమె కేసు నిలబడలేదు. ఆచారం ఉందని మనకు తెలిసి ఉండటం వేరు, కోర్టులో దాన్ని నిలబెట్టడం వేరు. ఆ ఆచారం పాతదై ఉండాలి, తెంపు లేకుండా సాగుతూ ఉండాలి, స్పష్టంగా ఉండాలి, న్యాయానికి విరుద్ధంగా ఉండకూడదు. ఇవన్నీ సాక్షులతో చెప్పించాలి.

ఇది ఉక్కునగరంలో ఉండే మనకు ఎందుకు మరీ ముఖ్యమో ఒక ఊహతో చూద్దాం. ఎవరి కథా కాదిది, ఉదాహరణ మాత్రమే. పాడేరు వైపు ఊరి అబ్బాయి ప్లాంటులో ఉద్యోగం చేస్తున్నాడు. ఊళ్లో నాయుడు, బారికి, కులపెద్దలు కూర్చోగా ఓలి ఇచ్చి పెళ్లి చేసుకున్నాడు. భార్య పేరు ఆఫీసు రికార్డుల్లో ఎక్కింది. ఒక బాబు పుట్టాడు. నాలుగేళ్లకు పొసగలేదు. మళ్లీ అదే పెద్దలు కూర్చున్నారు. ఓలి లెక్క తేల్చారు, మాట ముగిసింది. ఆమె పుట్టింటికి వెళ్లింది, బాబును తండ్రి వైపు వాళ్లు ఉంచుకున్నారు. అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. ఊరికి తెలుసు, చాలు అనుకున్నారు.

ఊళ్లో అది చాలు కూడా. అక్కడ ఆ మాటకు సాక్షి ఊరంతా. ఇక్కడ సాక్షి ఎవరు? పీఎఫ్ ఖాతాలో మొదటి భార్య పేరే ఉంది. మెడికల్ బుక్‌లో ఆమె పేరే ఉంది. రేపు అతనికి ఏదైనా జరిగితే ఇద్దరు ఆడవాళ్లు ఒకే కౌంటరు ముందు నిలబడతారు. ఇద్దరూ నిజమే చెబుతారు. పెళ్లి ఊరి ముందు జరిగింది, విడిపోవడమూ ఊరి ముందే జరిగింది, కానీ ఆ రెండూ ఏ ఫైలులోనూ లేవు. పంచాయితీ చేసిన పెద్దలు ఈలోగా కన్నుమూసి ఉంటే మాట కూడా వాళ్లతోనే పోయింది. చివరికి కష్టం పడేది ఆ ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు.

అందుకని పెద్దల పంచాయితీని మానుకోమని మేం చెప్పడం లేదు. దానికి కాగితం తోడు చేయమంటున్నాం. పెద్దలు కూర్చున్నప్పుడు తేదీ, ఊరు, కూర్చున్న పెద్దల పేర్లు, తెగలో వాళ్ల హోదా, ఇద్దరి పేర్లు, ఏ ఆచారం ప్రకారం విడిపోతున్నారో ఆ వివరం, ఓలి, నగల లెక్క, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, వాళ్ల పోషణకు ఎవరు ఎంత ఇస్తారు, ఎప్పుడెప్పుడు వచ్చి చూస్తారు, ఇవన్నీ రాసి ఇద్దరూ, సాక్షులూ సంతకాలు పెట్టాలి. చదవడం రానివారికి చదివి వినిపించి, ఆ సంగతి కూడా అందులోనే రాయాలి. ఆడపిల్ల ఇష్టపడి సంతకం పెట్టిందా, భయపడి పెట్టిందా అన్నది అక్కడున్న పెద్దలందరి బాధ్యత.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్టాంపు పేపరు కొని, నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన విడాకులు వచ్చినట్టు కాదు. నోటరీకి విడాకులిచ్చే అధికారం లేదు. ఆ కాగితం మన ఆచారం జరిగిందనడానికి ఒక సాక్ష్యం మాత్రమే. దానికి గట్టి బలం కావాలంటే కోర్టు నుంచి ప్రకటన తెచ్చుకోవాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి వివాహస్థితి ఏమిటో తేల్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకు ఉంది. తెగలవారికి రాసిపెట్టిన విడాకుల చట్టం లేదు కదా, మా దగ్గరికి ఎందుకొచ్చారు అని రాంచీ ఫ్యామిలీ కోర్టు ఒక ఉరావ్ కుటుంబాన్ని వెనక్కి పంపితే, 2021లో ఝార్ఖండ్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం అన్ని మతాలకూ, అన్ని సముదాయాలకూ చెందినదని, ఆచారం ఏమిటో విచారించి తేల్చాలని చెప్పింది. వేరే రాష్ట్రపు తీర్పే అయినా మన వకీలు మన కోర్టులో చూపించదగ్గ మాట అది.

అదే 2021లో ఢిల్లీ హైకోర్టు ముందు మీణా తెగ దంపతుల కేసు వచ్చింది. వాళ్లు హిందూ పద్ధతిలో, అగ్ని చుట్టూ తిరిగి పెళ్లి చేసుకున్నారు. భర్త విడాకులు అడిగితే, మేం ఎస్టీలం, హిందూ వివాహ చట్టం మాకు వర్తించదని భార్య వైపు నుంచి వాదన వచ్చింది. పూర్తిగా హిందూ ఆచారాలనే పాటిస్తున్నవారిని, రుజువైన తెగ ఆచారం ఏదీ చూపనప్పుడు, ఆ చట్టం ఇచ్చే రక్షణ నుంచి బయట పెట్టలేమని ఆ కోర్టు అంది. కాబట్టి మన పెళ్లి ఎలా జరిగిందన్నది కూడా రేపు ప్రశ్న అవుతుంది. దిసారి చేయించాడా, పురోహితుడు చేయించాడా, చర్చిలో జరిగిందా? ఫొటోలు, శుభలేఖ, ఓలి ఇచ్చినప్పటి సాక్షులు, ఇవన్నీ దాచుకోండి. గుళ్లో తాళి కట్టి ఒక ఫొటో తీసుకుని ఊరుకునే పెళ్లిళ్లు మన పిల్లల్లో పెరుగుతున్నాయి. అలాంటి పెళ్లికి తెగ ఆచారం సాక్ష్యమూ ఉండదు, కాగితమూ ఉండదు. రెండిటికీ చెడ్డ పరిస్థితి అది.

దీనికి ఒక దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇది ఏ మతం వారికైనా, ఏ తెగ వారికైనా ఉంది. వేరే తెగ అమ్మాయిని, తెగ బయటి అబ్బాయిని చేసుకునేవారు ముఖ్యంగా దీని గురించి తెలుసుకోవాలి. పెళ్లి చేసుకునే ముందే వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, 30 రోజుల గడువు ఉంటుంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇదివరకే ఆచారం ప్రకారం పెళ్లయిన వారు కూడా 15వ సెక్షన్ కింద ఆ పెళ్లిని ఈ చట్టంలో నమోదు చేసుకోవచ్చు. దానికి మాత్రం ఇద్దరికీ 21 ఏళ్లు నిండి ఉండాలి. నమోదయ్యాక విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ, అన్నిటికీ రాసిపెట్టిన నియమాలు దొరుకుతాయి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి, కలిసి దరఖాస్తు చేయాలి. ఒకరే అడిగితే క్రూరత్వం, రెండేళ్లుగా విడిచిపెట్టడం వంటి కారణాలు చూపాలి.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది మేనరికం. మేనమామ కూతురు, మేనత్త కూతురు ఈ చట్టంలోని నిషిద్ధ బంధుత్వాల జాబితాలో ఉన్నారు. ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఉంది గానీ ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో గుర్తించి ఉండాలి. రెండోది, ఈ చట్టం కింద చేసుకున్న పెళ్లి ప్రభావం ఆస్తి వారసత్వం మీద కూడా పడొచ్చు. కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు వకీలుని అడగండి. ఇంకో సంగతి. మన రాష్ట్రంలో 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం ఉంది. దాని కింద తీసుకునే పత్రం పెళ్లి జరిగిందనడానికి మంచి రుజువు. కానీ అది, ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు ఒకటి కావు. ఏ చట్టం కింద ఇస్తున్నారో పత్రం మీద చదివి తీసుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది భార్యాభర్తల బంధం గురించి. ఇకనుంచి చెప్పేది ఇంకా ముఖ్యం. ఆచారం రుజువైనా కాకపోయినా, ఏ వివాహ చట్టం వర్తించినా వర్తించకపోయినా, కొన్ని హక్కులు మనకు ముందే ఉన్నాయి. అందులో మొదటిది పోషణ.

పాత నేర విచారణ స్మృతిలో 125వ సెక్షన్ అని వినే ఉంటారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో అదే 144వ సెక్షన్. దీనికి కులం, మతం, తెగ తేడా లేదు. తనను తాను పోషించుకోలేని భార్య, పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు నెలనెలా పోషణ అడగొచ్చు. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోని ఆమె కూడా ఇక్కడ భార్యే. పిల్లలు పుట్టిన పెళ్లి చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న పిల్లల పోషణకు అడ్డం కాదు. ఒకప్పుడు నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలుండేది కాదు. 2001లో ఆ పరిమితి తీసేశారు. ఇప్పుడు ఇచ్చేవారి సంపాదన, అడిగేవారి అవసరం చూసి కోర్టు నిర్ణయిస్తుంది.

కేసు తేలేదాకా ఆకలి ఆగదు కాబట్టి మధ్యంతర పోషణ ఉంది. దానిపై దరఖాస్తును, అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలి. పోషణ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇవ్వాలి. కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం మనకే. నాకు ఉద్యోగం లేదు, నేనేం ఇవ్వను అనడం కుదరదు. ఒళ్లు వంచి పనిచేయగల మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కాంట్రాక్టు పని చేసేవారికి జీతం చీటీ ఉండకపోవచ్చు. బ్యాంకు పాసుబుక్కు, పీఎఫ్ నంబరు, గేటు పాసు, ఇవి కూడా సంపాదనకు ఆధారాలే. కోర్టు ఆదేశించాక ఎగ్గొడితే వారెంటు వస్తుంది, జైలుకూ పంపొచ్చు. బకాయి పడిన ఏడాదిలోపే వసూలుకు దరఖాస్తు పెట్టాలన్నది గుర్తుంచుకోండి.

మన పంచాయితీ కాగితాల్లో ఒక వాక్యం తరచు కనిపిస్తుంది. ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు, పిల్లల ఖర్చు కూడా అడగను అని. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ వాక్యం రాయకండి, రాయనివ్వకండి. పిల్లల అన్నం పిల్లల హక్కు. దాన్ని వదిలేసే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు, పంచాయితీకీ లేదు.

ఇక పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? మన తెగల్లో చాలావాటిలో పిల్లలు తండ్రి ఇంటిపేరువారు, తండ్రి వంశంవారు, కాబట్టి తండ్రి వైపే ఉండాలంటారు. వంశం సంగతి ఎవరూ కాదనరు. ఇంటిపేరు ఎక్కడికీ పోదు. కానీ బిడ్డ ఎక్కడ పడుకోవాలి, ఏ బడికి వెళ్లాలి, జ్వరం వస్తే ఎవరు చూడాలి అన్నవి వంశంతో తేలే ప్రశ్నలు కావు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అందరికీ ఉన్నది. దాని ప్రకారం కోర్టు చూసేది బిడ్డ క్షేమం. బిడ్డ వయసు, చదువు, ఎవరికి బాగా చేరువ, ఎవరు ఎలా చూసుకోగలరు అని చూస్తుంది. కాస్త తెలివి వచ్చిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం హిందూ మైనారిటీ చట్టంలోది. అది నేరుగా మనకు వర్తించకపోయినా, పసిపిల్లల విషయంలో కోర్టులు తల్లి వైపు మొగ్గడం మామూలే. డబ్బు ఎక్కువున్నవారికే బిడ్డ అని కూడా ఏమీ లేదు. డబ్బు ఉన్నవారు పోషణ ఇస్తారు, చూసుకోగలిగినవారు చూసుకుంటారు.

బిడ్డ ఒకరి దగ్గర ఉంటే రెండోవారికి చూసే హక్కు పోదు. ఆదివారాలు, పండగలు, వేసవి సెలవులు, ఫోనులో మాటలు, ఇలా కోర్టు ఏర్పాటు చేస్తుంది. మన పెద్దలు కూడా అలాగే రాయొచ్చు. డబ్బు ఇవ్వడం లేదు కాబట్టి బిడ్డను చూపించను, బిడ్డను చూపించడం లేదు కాబట్టి డబ్బు ఇవ్వను, ఈ రెండు మాటలూ తప్పే. పోషణ వేరు, చూసే హక్కు వేరు. రెండూ బిడ్డవే. అమ్మానాన్నలు వాటిని బేరానికి పెట్టకూడదు.

తెగ బయట పెళ్లి చేసుకున్నవారికి ఇంకో ప్రశ్న ఉంటుంది. తల్లి ఎస్టీ, తండ్రి కాదు, విడిపోయాక తల్లే పెంచింది, ఆ బిడ్డ ఎవరు? తండ్రి కులమే బిడ్డదని కళ్లు మూసుకుని తేల్చకూడదని, తల్లి సముదాయంలోనే పెరిగినట్టు, వాళ్లతో పాటు ఆ కష్టనష్టాలు పడినట్టు చూపించే అవకాశం బిడ్డకు ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ బిడ్డను మన పండగలకు తీసుకురండి, మన మాట నేర్పండి. అది ప్రేమ కోసం. రేపు సర్టిఫికెట్ దగ్గర సాక్ష్యంగా కూడా అదే నిలబడుతుంది.

ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉంటే విడాకుల దాకా ఆగక్కర్లేదు. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. పెళ్లి కాగితం లేకపోయినా, పెళ్లిలాంటి బంధంలో ఉన్నా రక్షణ అడగొచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కలిసి ఉన్న ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, అన్నీ ఒకే దరఖాస్తులో అడిగే వీలుంది. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, పిల్లల కోసం 1098.

పద్దెనిమిది నిండని అమ్మాయి పెళ్లి గురించి ఒక్క మాట. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టానికి తెగ ఆచారం అని మినహాయింపు లేదు. ఇష్టపడి వెళ్లిపోయారు, తర్వాత పెద్దలు ఒప్పుకున్నారు అన్నా సరే. అమ్మాయి మైనరైతే అబ్బాయి మీద పోక్సో కేసు పడుతుంది. ఇక్కడున్న తమ్ముళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. అలాంటి పెళ్లి అయిపోయిన అమ్మాయికీ దారి ఉంది. మేజరైన రెండేళ్లలోపు ఆ పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు, పోషణ అడగొచ్చు.

ఇవన్నీ ఎక్కడ మొదలుపెట్టాలి? విశాఖలో ఫ్యామిలీ కోర్టు ఉంది. కానీ మొదటి అడుగు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మహిళలకూ, పిల్లలకూ అంతే. కోర్టు ఫీజులూ వాళ్లే చూస్తారు. ఫోను 15100. కుల ధ్రువపత్రం, ఆధార్, పెళ్లి ఫొటోలు, పిల్లల జనన పత్రాలు, పెద్దల కాగితం ఉంటే అది, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

ఊళ్లో ఉండే బంధువుల విషయంలో ఒక తేడా ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఏజెన్సీ ప్రాంతాలకు కోర్టుల పద్ధతి కొంత వేరు. విశాఖ, తూర్పు, పశ్చిమ గోదావరి ఏజెన్సీలకు ప్రత్యేక నియమాలు ఉన్నాయని సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షనే చెబుతుంది. అక్కడి గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ఇంకో బలం ఇచ్చింది. ఆచారాలను, తగవులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. ఉక్కునగరం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ పెసా లేదు. అయినా మన ఆచారం మనిషితో పాటు వస్తుంది, కొండ దిగినంత మాత్రాన పోదు. మన వెంట రానిదల్లా దానికి సాక్ష్యం చెప్పే ఊరు. ఆ లోటు మనమే పూడ్చుకోవాలి.

అందుకే ఈ సభలో యువతను ఒక పని అడుగుతున్నాం. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు మీ తెగ పెద్దల దగ్గర కూర్చోండి. పెళ్లి ఎన్ని రకాలు, ఓలి ఎలా, విడిపోవాలంటే ఎవరు కూర్చోవాలి, తప్పు ఎంత, పిల్లల సంగతి ఎలా తేలుస్తారు, ఎవరి కాలంలో ఎవరెవరికి అలా జరిగింది, అడిగి రాసుకోండి. సెల్‌ఫోనులో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి. తాతలతో పాటు అవ్వలనూ అడగండి. పంచాయితీ గురించి అవ్వలు చెప్పేది వేరుగా ఉంటుంది. అలా వచ్చినవన్నీ తెగల వారీగా సంఘంలో భద్రపరుద్దాం. రేపు మన పిల్ల ఎవరైనా కోర్టులో నిలబడి ఇది మా ఆచారం అన్నప్పుడు, ఏదీ చూపించు అని అడిగితే చూపించడానికి మన చేతిలో ఉండాలి.

ఇంటికెళ్లాక ఇంకో చిన్న పని. అమ్మానాన్నల పీఎఫ్, గ్రాట్యుటీ, పింఛను నామినేషన్లలో ఎవరి పేరుందో ఈ వారంలో చూడండి. పాత పేరుంటే మార్పించండి. ఒక పూట పని అది.

 జై ఆదివాసీ.